అయిదెకరాల లోపు రైతుకు ఏ ట్రాక్టరు? శ్రీకాకుళం, విజయనగరం పొలాలకు తగిన ఎంపిక

ట్రాక్టరు షోరూములో అడుగుపెట్టగానే అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ కావాలండీ?" అని. ఆ జవాబు షోరూములో దొరకదు. మీ పొలంలో ఏ పని, ఏ నెలలో, ఎన్ని ఎకరాల్లో, ఏ పనిముట్టుతో చేయాలన్నది ముందు తేలాలి. పనిముట్టు తేలితే హెచ్‌పీ, అంటే ఇంజను శక్తి, దానంతటదే తేలుతుంది. ఈ వరస తిరగబడిన ఇళ్లలో రెండు రకాల నష్టాలు కనిపిస్తాయి. కొందరు 50 హెచ్‌పీ బండి కొని, ఏడాదికి వంద గంటల పని కూడా లేక, వాయిదాల కోసం పంట అమ్ముకుంటారు. మరికొందరు చవకని చిన్న బండి తెచ్చి, దానికి 5 అడుగుల రోటావేటర్ (తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు) తగిలించి, రెండో సీజనుకే క్లచ్ ప్లేట్లు కాల్చుకుంటారు.

మొదట పొలాన్ని ముక్కలుగా చూడండి

మన వైపు చిన్న కమతం అంటే సాధారణంగా ఒకే రకం నేల కాదు. కొంత పల్లం, కొంత గరువు, ఎక్కడో అరెకరం ఎకరం తోట. ఒక్కోదానికి ట్రాక్టరుతో పడే అవసరం వేరు.

పల్లం వరి మళ్లలో అసలు పని దమ్ము, అంటే నీరు పెట్టి మడిని బురదగా దున్నడం. గొట్టా బ్యారేజీ నుంచి వంశధార కాలువకు నీరు వదిలినా, తోటపల్లి, నారాయణపురం కింద నాగావళి నీరొచ్చినా, చెరువు నిండినా, ఉభాలు (వరి నాట్లు) అందరికీ ఒకేసారి మొదలవుతాయి. అద్దె ట్రాక్టరు కోసం వారం పది రోజులు ఎదురుచూడాల్సి వచ్చేది అప్పుడే. ఆకుమడిలో నారు 25–30 రోజులు దాటి ముదిరితే పిలకలు తగ్గుతాయి. సొంత బండి వల్ల వచ్చే పెద్ద లాభం ఇక్కడే ఉంది, అద్దె మిగలడంలో కాదు. అయితే ఇంకో సంగతి కూడా చూడాలి. కోతకు ముందే వరిలో మినుము, పెసర చల్లేసే చోట రెండో పంటకు దుక్కి ఉండదు. అంటే పల్లంలో ఏడాది మొత్తానికి ట్రాక్టరు పని మూడు సాళ్లకు (సాలు అంటే ఒకసారి దున్నడం) మించదు.

గరువుల్లో, అంటే మొక్కజొన్న, వేరుశనగ, నువ్వు, చోడి, గోగు, పత్తి వేసే ఎర్రనేలల్లో పదును (దున్నడానికి తగిన తేమ) నిలిచేది తక్కువ. వాన పడ్డ రెండు మూడు రోజుల్లో దున్నకపోతే పైపొర గట్టిపడి గొర్రు (కల్టివేటరు) గీసుకుపోతుంది తప్ప దిగదు. ఎద పద్ధతిలో, అంటే నాట్లు లేకుండా నేరుగా వరి చల్లేవారికీ ఇదే తొందర. వేసవి దుక్కి, విత్తే ముందు రెండు సాళ్లు, వరుసల మధ్య కలుపు కలిపితే గరువుకు ఏడాదిలో నాలుగైదు సాళ్ల పని ఉంటుంది.

తోటల లెక్క పూర్తిగా వేరు. ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇసుక కలిసిన నేలల్లో కొబ్బరి, జీడి; విజయనగరం వైపు మామిడి. కొబ్బరికి చెట్టుకు చెట్టుకు 25 అడుగుల దూరం ఉంటుంది, కనుక ఏ బండి అయినా తిరుగుతుంది. జీడి చెట్టు అలా కాదు. కొమ్మలు నేలను తాకేలా వాలతాయి, ఎదిగిన తోటలో వరుస మధ్య ఖాళీ ఆరేడు అడుగులకు కుంచించుకుపోతుంది. అక్కడ హెచ్‌పీ కంటే బండి వెడల్పు, ఎత్తు ముఖ్యం. 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకు కూలిన చోట మళ్లీ నాటిన తోటల్లో చెట్లు ఇంకా ఎదుగుతున్నాయి. ఇప్పుడు హాయిగా తిరిగే బండి నాలుగేళ్ల తర్వాత తిరుగుతుందా అన్నది ఇప్పుడే చూసుకోవాలి.

ఒక నోటుబుక్కులో ఇలా రాసుకోండి: ముక్క పేరు, విస్తీర్ణం, ఏడాదికి ఎన్ని సాళ్లు, ఏ నెల, ఏ పనిముట్టు. ఉదాహరణకు రెండున్నర ఎకరాల పల్లానికి మూడు సాళ్లు, ఎకరంన్నర గరువుకు నాలుగు, ఎకరం జీడి తోటకు మూడు అనుకుంటే 7.5, 6, 3 కలిపి పదహారున్నర వస్తుంది. ఒక ఎకరాన్ని ఒకసారి దున్నడాన్ని ఒకటిగా లెక్కిస్తే మీ ఇంటి పని ఏడాదికి అంత. ఈ అంకె దగ్గర పెట్టుకుని తర్వాతి లెక్కలోకి వెళ్లాలి.

కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా?

చాలామంది గంట అద్దెను గంట డీజిలుతో పోల్చి "సగానికి సగం మిగులుతుంది" అనుకుంటారు. ఆ పోలిక తప్పు. చిన్న బండి గంటలో దున్నేది తక్కువ. పోల్చాల్సింది ఎకరానికి అయ్యే ఖర్చు.

గంటకు ఎంత దున్నుతుందో తెలుసుకునే పద్ధతి సులువు. పనిముట్టు వెడల్పును మీటర్లలో, వేగాన్ని గంటకు కిలోమీటర్లలో తీసుకుని గుణించి, 10తో భాగించండి. అది హెక్టార్లలో వస్తుంది. మలుపులకు, ఆగడాలకు పోయే కాలం తీసేస్తే చిన్న మళ్లలో అందులో 65–70 శాతమే నిజంగా సాగే పని. 5 అడుగుల రోటావేటర్ (మీటరున్నర) 3 కిలోమీటర్ల వేగంతో, 65 శాతం లెక్కన గంటకు 0.29 హెక్టారు, అంటే 72 సెంట్లు. ఎకరానికి దాదాపు గంటన్నర. 3 అడుగుల రోటావేటర్ (0.9 మీటరు) రెండున్నర కిలోమీటర్ల వేగంతో, మలుపులు తేలిక కాబట్టి 70 శాతం వేసుకున్నా గంటకు 39 సెంట్లు. ఎకరానికి రెండున్నర గంటలు.

ఇప్పుడు డబ్బు. అంకెలు లెక్క కోసం వేసినవే, మీ ఊరి ధరలు వేసుకుని తిరగరాసుకోండి. చిన్న ట్రాక్టరు, పనిముట్లు కలిపి ఆరున్నర లక్షలు అనుకుందాం. పదేళ్ల తర్వాత లక్షన్నరకు అమ్ముడుపోతే ఏటా తరుగుదల 50 వేలు. సగటున నాలుగు లక్షల మీద 10 శాతం వడ్డీ 40 వేలు. బీమా, షెడ్డు, చిల్లర ఖర్చులు 10 వేలు. బండి కదలకపోయినా ఏడాదికి లక్ష రూపాయలు ఖర్చు.

నడిపితే గంటకు రెండున్నర లీటర్ల డీజిలు, లీటరు వంద చొప్పున 250. ఆయిలు, గ్రీజు, మరమ్మతులు 90. ఎకరానికి రెండున్నర గంటలు కాబట్టి 850 రూపాయలు. అద్దె బండికి గంటకు 1,200 అనుకుంటే ఎకరానికి గంటన్నరకు 1,800. మీరే తోలుకుంటే ఎకరం ఒక సాలుకు మిగిలేది 950. ఆ లక్ష పూడాలంటే ఏడాదికి 105 ఎకరాల సాళ్లు పడాలి. మన ఉదాహరణలో ఇంటి పని పదహారున్నర మాత్రమే. డ్రైవరుకు గంటకు వంద ఇస్తే మిగిలేది 700, దున్నాల్సింది 143.

అంటే సొంత దుక్కి కోసమే అయితే అయిదెకరాల రైతుకు కొత్త ట్రాక్టరు గిట్టదు. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. మిగతా పని ఎక్కడినుంచి వస్తుందో బండి కొనేముందే రాసుకోవాలి. పక్క రైతుల పొలాలకు అద్దెకు తోలడం, తోటల్లో పెద్ద ట్రాక్టరు దూరలేని చోట్ల పని, ఎరువు, గడ్డి, ధాన్యం మోయడం, మందు కొట్టడం. జీడి తోటలున్న ఊళ్లో సన్నటి ట్రాక్టరు ఒక్కటే ఉంటే దానికి పని వెతుక్కోనక్కర్లేదు. వరి మళ్లే ఉన్న ఊళ్లో ఇప్పటికే పది బండ్లుంటే పదకొండోది గిరాకీ తేదు.

అన్నదమ్ములు, తోడు రైతులు ముగ్గురు నలుగురు కలిసి కొనడం మంచి దారే. కానీ ఉభాల వారంలో ఎవరి మడి ముందు అన్నది కాగితం మీద రాసుకోకపోతే ఆ ఏడాదే చెడుతుంది. కాలువ చివరి మడికి నీరు ఆలస్యంగా అందుతుంది కనుక కాలువ మొదటి నుంచి వరస పెట్టుకోవడం అందరికీ సబబుగా ఉంటుంది.

రెండు మూడు ఎకరాల్లోపు, అందులోనూ మెట్లు మెట్లుగా ఉన్న చిన్న మళ్లయితే పవర్ టిల్లర్ కూడా చూడండి. వీఎస్‌టీ శక్తి 130 డీఐ లాంటివి 13 హెచ్‌పీ. గట్టు దాటించడం తేలిక, మడి మూలల దాకా దున్నుతుంది, కొనుగోలు ఖర్చు చాలా తక్కువ. నడిపే మనిషికి ఒళ్లు హూనమవుతుంది, గరువులో ఎండిన నేలకు సరిపోదు, రోడ్డు మీద దూరం వెళ్లలేదు. ఈ మూడూ ఒప్పుకోగలిగితే అదే చాలు.

హెచ్‌పీ ఎంత?

కరపత్రంలో రాసేది ఇంజను హెచ్‌పీ. రోటావేటర్‌ను తిప్పేది వెనక పీటీఓ (పనిముట్లను తిప్పే షాఫ్టు) దగ్గరికి చేరిన శక్తి. గేర్లలో కొంత పోయి, ఇంజను శక్తిలో సుమారు 85 శాతం అక్కడికి చేరుతుంది. 24 హెచ్‌పీ బండి పీటీఓ దగ్గర 20–21 ఇస్తుంది. రెండు బండ్లను పోల్చేటప్పుడు పీటీఓ హెచ్‌పీనే అడగండి. మధ్యప్రదేశ్‌లోని బుద్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. పీటీఓ శక్తి, డీజిలు ఖర్చు, లిఫ్టు ఎత్తే బరువు అందులో కొలిచి రాస్తారు. ఆ మోడల్ పరీక్షా నివేదిక చూపించమని డీలరును అడగడం మీ హక్కు.

పనిముట్టుకు తగిన అంచనా ఇది. రోటావేటర్‌కు 3 అడుగులైతే 18–25 హెచ్‌పీ, 4 అడుగులకు 25–35, 5 అడుగులకు 38–45, 6 అడుగులకు 45 పైన. గొర్రుకు ఎండు గరువులో ఒక్కో పలుగుకు నాలుగైదు హెచ్‌పీ వేసుకోవాలి. అయిదు పలుగుల గొర్రుకు 20–25, తొమ్మిది పలుగులకు 35–45. చెరువు కింది జిగట నేల అయితే పై అంకె, ఇసుక నేల అయితే కింది అంకె.

దీన్నిబట్టి మన చిన్న కమతాలకు మూడు అంతస్తులు. 15–18 హెచ్‌పీ, స్వరాజ్ 717 లాంటివి: తోటలో కలుపు, మందు ట్యాంకు, చిన్న తొట్టికి (ట్రాలీకి) బాగుంటాయి, లోతు దమ్ముకు ఆశించకూడదు. 24–28 హెచ్‌పీ ఫోర్‌వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందేవి), మహీంద్రా జీవో 245 డీఐ, కుబోటా నియోస్టార్ బీ2441, జాన్ డీర్ 3028 ఈఎన్ లాంటివి: కొంత పల్లం, కొంత తోట ఉన్న అయిదెకరాల ఇంటికి మా అంచనాలో మొదట చూడాల్సినవి ఇవే. 35–42 హెచ్‌పీ, మాసీ ఫెర్గూసన్ 1035 డీఐ, మహీంద్రా 275 డీఐ లాంటివి: అద్దె పని గట్టిగా ఉందని తెలిసినప్పుడు, మూడు టన్నుల తొట్టి లాగాల్సినప్పుడు. 50 హెచ్‌పీ దాటిన కొత్త బండ్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్ 4 పొగ నిబంధనలు వర్తిస్తున్నాయి. వాటిలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చింది, మండల కేంద్రంలో మెకానిక్ పానా పట్టుకుని విప్పే బండ్లు కావు అవి. చిన్న కమతానికి ఆ వైపు వెళ్లాల్సిన అవసరమే లేదు.

టేపు పట్టుకుని కొలవండి

షోరూముకు వెళ్లేముందు నాలుగు కొలతలు రాసుకోండి. తోటలో అన్నిటికంటే ఇరుకైన వరుసలో కొమ్మ చివర నుంచి కొమ్మ చివరకు దూరం. అక్కడ కొమ్మ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది. పొలం దారిలో, గెడ్డ (వాగు) మీది కల్వర్టు దగ్గర, ఇంటి సందులో అన్నిటికంటే తక్కువ వెడల్పు. మడి గట్టు ఎత్తు. చిన్న ట్రాక్టర్ల వెడల్పు మూడున్నర నుంచి నాలుగు అడుగులు, 40 హెచ్‌పీవి అయిదున్నర, ఆరు అడుగులు. రెండు పక్కలా అడుగు చొప్పున ఖాళీ ఉండాలి. లేకపోతే చెట్టు మొదట్లో బెరడు లేచిపోతుంది, ఆ గాయంలోంచే జీడికి, మామిడికి కాండం తొలిచే పురుగు దిగుతుంది.

పొగగొట్టం పైకి నిలబడి ఉంటే కొమ్మలు కాలిపోతాయి, విరుగుతాయి. కిందికి, పక్కకు వంచిన సైలెన్సరున్న మోడల్ తోటకు మేలు. పొలం దారిలో వాలుంటే బోల్తా పడినా డ్రైవరు నలగకుండా కాపాడే వెనక ఇనుప చట్రం కావాలి, దాంతోపాటు సీటు బెల్టు కూడా. తోటలోకి దూరేటప్పుడు వంచుకునే చట్రాలు దొరుకుతాయి. ఎండకు కట్టే రేకు పందిరి ఆ పని చేయదు, బోల్తా పడితే నలిగిపోతుంది.

వరుసల మధ్య కలుపు తీయాలంటే చక్రాల మధ్య దూరం మార్చుకునే వీలుండాలి. మొక్కజొన్న వరుసలు రెండు అడుగుల ఎడం, పత్తి మూడడుగుల ఎడం. బండి చక్రం వరుస మీద పడకుండా సరిచేయగలమా అని డీలరు చేతనే కొలిపించండి.

టూవీలా, ఫోర్‌వీలా?

పల్లం దమ్ము మీ పెద్ద పని అయితే, చిన్న బండిలో ఫోర్‌వీల్ తీసుకోండి. బరువు తక్కువ కాబట్టి టూవీల్ చిన్న బండి బురదలో జారుతుంది, ముందు చక్రాలు తిప్పినా తిరగకుండా నేరుగా తోసుకుపోతాయి. ఉద్దానం ఇసుకలో కూడా అంతే. ఫోర్‌వీల్‌కు ధర ఎక్కువ, ముందు యాక్సిల్‌లో గేర్లు, సీళ్లు ఉంటాయి కనుక పట్టించుకోవాల్సినవీ ఎక్కువే. దమ్ము తర్వాత ముందు యాక్సిల్ ఆయిలు ప్లగ్గు విప్పి చూస్తే పాలలా తెల్లగా కనిపిస్తే బురదనీరు లోపలికి చేరిందని అర్థం. ఆ ఆయిలుతోనే నడిపితే బేరింగులు ఆ ఏడాదే పోతాయి.

గరువు, రోడ్డు పని మాత్రమే అయితే టూవీల్ 35–40 హెచ్‌పీ చాలు. దమ్ము అప్పుడప్పుడే కావాల్సి వస్తే వెనక చక్రాలకు కేజ్ వీల్స్ (బురదలో పట్టునిచ్చే ఇనుప చక్రాలు) బిగించుకుంటారు. కేజ్ వీల్స్‌తో తారురోడ్డు ఎక్కకూడదు, రోడ్డూ పాడవుతుంది, యాక్సిల్‌కూ దెబ్బే.

పట్టు ఎంతుందో తెలుసుకోవడానికి ఒక సుద్దముక్క చాలు. వెనక టైరు మీద గీత గీసి, పనిముట్టు పైకెత్తి పది చుట్లు తిరిగేవరకు నడిపి దూరం కొలవండి. తర్వాత పనిముట్టు దించి, అదే మడిలో, అదే గేరులో మళ్లీ పది చుట్లు. మొదట 30 మీటర్లు, తర్వాత 26 వస్తే జారుడు 13 శాతం. పొడి నేలలో 10–15 శాతం మంచిది. 20 దాటితే టైరు, డీజిలు రెండూ నేలపాలే: టైరు గాలి తగ్గించాలి, వెనక టైర్లలో నీళ్లు నింపాలి, లేదా పనిముట్టు వెడల్పు తగ్గించాలి. అసలు జారుడే లేకపోతే బండి అవసరానికి మించి బరువుగా ఉందని, మడిని తొక్కి గట్టిపరుస్తోందని గుర్తు.

వెనక భాగం చూడకుండా బానెట్ చూసి కొనవద్దు

లిఫ్టు ఎత్తే బరువు: చిన్న బండ్లలో 500 నుంచి 750 కిలోల వరకు, 40 హెచ్‌పీలో 1,100 నుంచి 1,500 దాకా. ఇది పనిముట్టు తగిలించే లింకు చివర కొలిచిన అంకె. రోటావేటర్ బరువు అంతకంటే వెనక్కి పడుతుంది కనుక లిఫ్టు సామర్థ్యంలో సగానికి మించిన పనిముట్టు తగిలించవద్దు. 3 అడుగుల రోటావేటర్ 200 కిలోల చుట్టుపక్కల, 5 అడుగులది 350–400 కిలోలు ఉంటుంది. గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలితే స్టీరింగు పనిచేయదు. ముందు బరువులు బండితోపాటే తీసుకోండి.

పీటీఓ 540 చుట్లకు చేరేటప్పుడు ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోందో అడగండి. మందు స్ప్రేయరు, నీటి పంపు లాంటి తేలిక పనులకు తక్కువ ఇంజను వేగంలోనే 540 ఇచ్చే ఎకానమీ పీటీఓ ఉంటే గంటకు డీజిలు బాగా మిగులుతుంది. క్లచ్ సంగతి అంతకంటే ముఖ్యం. సింగిల్ క్లచ్ బండిలో బండి ఆపితే రోటావేటర్ కూడా ఆగుతుంది. పది సెంట్ల మడిలో మూలమూలకూ ఆగి తిరగాలంటే డ్యుయల్ క్లచ్, లేదా పీటీఓకు విడి క్లచ్ కావాల్సిందే.

బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే రకం తీసుకోండి. పొడి బ్రేకుల్లోకి దమ్ము నీరు చేరితే పట్టు పోతుంది. కుడి ఎడమ పెడళ్లు విడివిడిగా ఉండేది మలుపుల కోసం. రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపే కొక్కెం తప్పక వేయాలి. తొట్టి నిండా ధాన్యంతో వేగంగా వెళ్తూ ఒక్క పెడలే నొక్కితే బండి పక్కకు తిరిగి పడిపోతుంది, ప్రాణాలు పోయేది అలాగే.

గేర్లలో మొదటి గేరు గంటకు రెండు కిలోమీటర్ల దగ్గర ఉండాలి. గట్టి గరువులో రోటావేటర్‌కు అంతకంటే వేగం పనికిరాదు.

పనిముట్లకు డబ్బు పక్కన పెట్టుకోండి

బండికి పెట్టే డబ్బులో నాలుగో వంతు దాకా పనిముట్లకే పోతుంది. రోటావేటర్ దమ్ముకు వాడేట్లయితే గేరు డ్రైవ్‌దే చూడండి. గొలుసు డ్రైవ్ రకం చవకే, కానీ బురదలో గొలుసు సాగుతుంది. రోటరు చివర బేరింగుల దగ్గర నీరు దూరని సీలు ఉండాలి. ఎల్ ఆకారపు కత్తులు మోళ్లు, కలుపు కలపడానికి, సీ ఆకారపువి గట్టి నేలకు, తడి మడికి బాగుంటాయి. రాళ్లున్న గరువులో షాఫ్టుకు లోడు మించితే తెగే బోల్టు గానీ జారే క్లచ్ గానీ లేని రోటావేటర్ తగిలిస్తే ఒక్క రాయి గేరుబాక్సును పగలగొడుతుంది. తెగిన బోల్టు స్థానంలో గట్టి బోల్టు వేసినా ఫలితం అదే.

పీటీఓ షాఫ్టు పొడవు మీ బండికి తగ్గట్టు కోయించాలి. పనిముట్టు పూర్తిగా పైకెత్తినప్పుడు గొట్టాలు ఒకదానికొకటి గుద్దుకోకూడదు, కిందికి దించినప్పుడు విడిపోకూడదు. డీలరు దగ్గరే ఎత్తించి దింపించి చూడండి. షాఫ్టు మీది ప్లాస్టిక్ గొట్టం తీసేయవద్దు. పంచె అంచు, కండువా, చీర కొంగు అందులో చిక్కుకుంటే లాగేసుకోవడానికి క్షణం పట్టదు.

దమ్ముకు రోటావేటర్, దుక్కికి గొర్రు, చిన్న తొట్టి: చాలామందికి మొదటి ఏడాదికి ఈ మూడే చాలు. మిగతావి అవసరం పడ్డప్పుడు.

మీ మడిలో నడిపించి చూడండి

డెమో మైదానంలో కాదు, మీ పొలంలోనే, మీ మడి పదునులో, మీరు కొనబోయే పనిముట్టుతో చేయించుకోండి. డీజిలు ట్యాంకు నిండా పోసి, గంట పని చేసి, మళ్లీ నిండేదాకా ఎంత పట్టిందో కొలవండి. దున్నిన చోటును కొలిస్తే ఎకరానికి లీటర్లు వస్తాయి. ఆ లెక్క కరపత్రంలో ఉండదు. రోటావేటర్ దిగగానే ఇంజను శబ్దం తగ్గి నల్లపొగ కక్కితే పనిముట్టు బండికి పెద్దదైందన్నమాట. మూలల్లో తిప్పి చూడండి, రివర్సులో గట్టు ఎక్కించి చూడండి. ఇంట్లో ఆడవాళ్లు కూడా నడుపుతారంటే వాళ్లనే సీట్లో కూర్చోబెట్టి క్లచ్, బ్రేకు కాలికి అందుతున్నాయో చూడాలి.

సర్వీసు సెంటరు ఎంత దూరంలో ఉందో చూడండి. విజయనగరం, శ్రీకాకుళం, రాజాం, పలాస, బొబ్బిలిలో ఎక్కడ ఉన్నా, ఫిల్టర్లు, క్లచ్ ప్లేటు, ముందు యాక్సిల్ సీలు, స్టార్టరు స్టాకులో ఉన్నాయో అడిగి చూసి రావాలి. విడిభాగం విశాఖ నుంచి రావాలంటే ఉభాల వారం గడిచిపోతుంది. ఒక మోడల్ మీ మండలంలో పది బండ్లుంటే, దాని తప్పులు, విడిభాగాల దారి తెలిసిన మెకానిక్ దగ్గరలోనే ఉంటాడు.

పాత బండి అయితే

పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచారంటే స్టార్టింగు సమస్య దాచారని అనుమానించాలి. స్టార్టు చేశాక ఆయిలు పోసే మూత తీస్తే పొగ ఉప్పొంగుతూ వస్తే పిస్టన్ రింగులు అరిగాయి. నీలంపొగ ఆయిలు కాలుతున్న గుర్తు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే ఇంజెక్టరో, హెడ్డు గ్యాస్కెట్టో చూడాలి. పనిముట్టు పైకెత్తి ఇంజను ఆపేయండి, అరగంటలో అది నేలకు దిగిపోతే లిఫ్టులో లీకుంది. ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు వదులు కనిపిస్తే కింగ్‌పిన్‌లు, బుష్‌లు మార్చాలి. పీటీఓ షాఫ్టును చేత్తో ఊపి చూడండి.

హుక్కు రంధ్రం గుడ్డులా సాగి, వెనక టైర్లు మధ్యలో నున్నగా అరిగి ఉంటే ఆ బండి పొలంలో కంటే ఇసుక, ఇటుక లోడ్ల కింద ఎక్కువ తిరిగింది. గంటల మీటరు ఏం చూపించినా ఆ అరుగుదల అబద్ధం చెప్పదు. ఛాసిస్, ఇంజను నంబర్లు ఆర్‌సీతో సరిపోవాలి. ఆర్‌సీలో బ్యాంకు పేరుంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు ఇవ్వాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30.

కాగితాలు, రాయితీ

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, విడిభాగాలకు 18 నుంచి 5కు తగ్గింది. పాత ధర చూపిస్తే ఈ లెక్క అడగండి. కొటేషన్‌లో బండి, పనిముట్లు, రిజిస్ట్రేషన్, బీమా విడివిడిగా రాయించుకోండి.

కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకంలో చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం, మిగతావారికి 40 శాతం రాయితీ, గరిష్ఠ పరిమితికి లోబడి ఉంటుంది. ఏ ఏడాది ఏ పనిముట్టుకు నిధులున్నాయో రైతు సేవా కేంద్రంలో అడగండి. మంజూరు రాకముందే డబ్బు కట్టి బండి తెచ్చుకుంటే రాయితీ రాదు, ఇక్కడే చాలామంది నష్టపోతారు. రుణ వాయిదాలు నెలనెలా కాకుండా పంట అమ్మే జనవరి, ఏప్రిల్ ప్రాంతాలకు ఆరునెలలకోసారి పెట్టించుకోండి.

వ్యవసాయానికని రిజిస్టరు చేసిన ట్రాక్టరు, తొట్టితో కిరాయికి ఇసుక తోలినా, తొట్టిలో పెళ్లి జనాన్ని ఎక్కించినా ప్రమాదం జరిగితే బీమా చేతికి రాదు. తొట్టికి విడిగా రిజిస్ట్రేషన్, బీమా చేయించాలి. తొట్టి వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు అంటించుకోండి, జాతీయ రహదారి మీద చీకట్లో లైటు లేని తొట్టిని లారీలు గుద్దడం కొత్తేం కాదు.

బండి ఇంటికొచ్చాక

మొదటి 50 గంటలు పూర్తి లోడు వేయకండి, ఒకే వేగంలో నడపకండి. 50 గంటలకు మొదటి ఆయిలు మార్పిడి, తర్వాత మాన్యువల్‌లో రాసిన ప్రకారం, చాలా బండ్లకు 250 గంటలకోసారి. ఎర్రనేల దుమ్ములో దున్నిన రోజు సాయంత్రం ఎయిర్ క్లీనర్ ఆయిలు గిన్నె విప్పి చూడాలి. అడుగున మట్టి వేలి మందాన పేరితే మార్చండి. దుమ్ము లోపలికి పోతే పిస్టన్, లైనరు అరుగుతాయి, అది ఇంజను ఆయుష్షుకే దెబ్బ. దమ్ము రోజుల్లో గ్రీజు నిపుల్స్‌కు పొద్దున, సాయంత్రం రెండుసార్లు కొట్టాలి.

బురదలో దిగబడితే చక్రాలకు కర్రలు కట్టి ఇంజను రేజు చేయకండి. చక్రం కదలక ఇరుసు చుట్టూ బండే పైకి లేచి వెనక్కి బోల్తా పడుతుంది. పనిముట్టు దించి, రోటావేటర్ విప్పి, కింది డ్రాబార్‌కు తాడు కట్టి ఇంకో బండితో లాగించాలి. టాప్ లింకు (పనిముట్టును పట్టే పై కడ్డీ) బిగించే చోట తాడు కడితే బోల్తాకు అదే దారి.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పని తర్వాత మంచినీటితో కడిగి ఆరబెట్టండి, బ్యాటరీ టెర్మినళ్లకు వాజిలిన్ రాయండి. సాయంత్రమే ట్యాంకు నింపితే రాత్రి లోపల నీటి చెమ్మ పట్టదు. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని వారానికోసారి వదలాలి. రెండు మూడు నెలలు నడపని వానాకాలంలో క్లచ్ పెడల్‌ను కిందికి నొక్కి కొక్కెంతోనో, చెక్కముక్కతోనో ఆపి ఉంచండి. లేకపోతే క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కుపోయి, కావాల్సిన రోజున గేరు పడదు.